సియోల్ శివారులో టీచరు కాపురం: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈ శీర్షికకు ఈసారి వచ్చిన ఉత్తరాల్లో కొరియా మాటే ఎక్కువ వినబడింది. శ్రీపెరంబుదూరు దగ్గర హ్యుందాయ్, పెనుకొండలో కియా వచ్చాక మద్రాసు తెలుగువాళ్ళ ఇళ్ళలో అది పరాయి పేరు కాకుండా పోయింది. ఈ ఉత్తరాలు మాత్రం కార్ల కంపెనీల గురించి కాదు. పాఠాలు చెప్పడానికి సియోల్ చుట్టుపక్కల ఊళ్ళకు వెళ్ళబోయేవాళ్ళు, వాళ్ళను పంపుతున్న తల్లిదండ్రులు రాసినవి. ఒకే రకం ప్రశ్నలను కలిపి జవాబులిస్తున్నాం.

*

మా అమ్మాయి ఎం.ఏ. ఇంగ్లీషు, బి.ఎడ్. చేసి అంబత్తూరులో ఒక స్కూల్లో నాలుగేళ్ళుగా పనిచేస్తోంది. కొరియాలో బుందాంగ్ అనే ఊళ్ళో ట్యూషన్ సెంటర్లో ఉద్యోగం వేయిస్తానని ఒక ఏజెంటు మూడు లక్షలు అడుగుతున్నాడు. సగం ముందే కట్టాలట. కట్టమంటారా?
— ఒక తల్లి, పెరంబూరు

కట్టకండమ్మా. ఒక్క రూపాయి కూడా వద్దు.

కొరియాలో ప్రైవేటు ట్యూషన్ సెంటర్లను హాగ్వాన్ అంటారు. అక్కడ ఇంగ్లీషు చెప్పడానికి ఇచ్చే వీసా ఇ-2. హాగ్వాన్‌లో ఇంగ్లీషు చెప్పడానికి ఆ వీసాను ఏడు దేశాల పాస్‌పోర్టులకే ఇస్తారు: అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా. అమ్మాయి ఇంగ్లీషు ఎంత బాగున్నా, ఎన్నేళ్ళ అనుభవమున్నా భారత పాస్‌పోర్టు మీద హాగ్వాన్ ఉద్యోగానికి ఇ-2 రాదు. మరి ఏజెంటు ఎలా పంపుతాడు? విజిటర్ వీసా మీదో, భాష నేర్చుకునే విద్యార్థి వీసా మీదో ఎక్కించి "అక్కడికి వెళ్ళాక మార్చుకోవచ్చు" అంటాడు. ఆ మార్పు జరగదు. తనిఖీలో దొరికితే జరిమానా, దేశబహిష్కారం, మళ్ళీ కొన్నేళ్ళు అడుగుపెట్టనివ్వకపోవడం, ఇవన్నీ అమ్మాయి నెత్తిన పడతాయి. ఏజెంటుకు ఏమీ కాదు.

అలాగని మీ అమ్మాయికి దారులే లేవని కాదు. భారత్, కొరియాల మధ్య 2010 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న సెపా (సమగ్ర ఆర్థిక భాగస్వామ్య) ఒప్పందం కింద, ఇంగ్లీషులో డిగ్రీ, టీచరు అర్హత ఉన్న భారతీయులు అక్కడి ప్రభుత్వ ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలల్లో ఇంగ్లీషు సహాయ ఉపాధ్యాయులుగా ఇ-2 తీసుకోవచ్చు. ఆ నియామకం అక్కడి విద్యాశాఖ ద్వారా జరగాలి, ఏజెంటు జేబులో ఉండేది కాదు. రెండో దారి అంతర్జాతీయ పాఠశాలలు. సైన్సు, లెక్కలు చెప్పేవాళ్ళను కూడా వాళ్ళు ఇ-7 వీసా మీద తీసుకుంటారు. డిగ్రీతో పాటు బోధనానుభవం చూస్తారు కాబట్టి ఈ నాలుగేళ్ళు వృథా పోవు. పీహెచ్‌డీ ఉన్నవాళ్ళకు విశ్వవిద్యాలయాల్లో పాఠాలు చెప్పడానికి ఇచ్చే ఇ-1 వీసా మూడోది. ఏ దారిలోనైనా ఉద్యోగం ఇచ్చేది నేరుగా పాఠశాలే.

ఇంకొక మాట. విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే ఏజెంటు మన విదేశాంగశాఖ దగ్గర నమోదై ఉండాలి. ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో నమోదు సంఖ్య కొట్టి చూస్తే నిజమో కాదో తేలిపోతుంది. నమోదైన ఏజెంటు కూడా ఉద్యోగార్థి దగ్గర 30,000 రూపాయలు, దాని మీద జీఎస్‌టీ మించి తీసుకోకూడదు. మూడు లక్షలు అడిగాడంటేనే మనిషి ఎలాంటివాడో తెలుస్తోంది. చెన్నైలో ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయం ఉంది, అక్కడ ఫిర్యాదు చేయండి. మీరు తప్పించుకున్నా ఆ ఏజెంటు పక్కింటికి వెళ్తాడు.

*

మా కోడలు అమెరికాలో పుట్టి పెరిగిన పిల్ల, అక్కడే డిగ్రీ చేసింది. ఇల్సాన్‌లో ఒక హాగ్వాన్ నుంచి ఏడాది కాంట్రాక్టు వచ్చింది. చదివితే అంతా బాగానే ఉన్నట్టుంది. దేన్ని పట్టి చూడాలి?
— అన్నానగర్ పాఠకుడు

పాస్‌పోర్టు, డిగ్రీ రెండూ అక్కడివే కావడం మంచిదైంది. పాస్‌పోర్టు ఒక్కటే చూపిస్తే చాలదు, డిగ్రీ కూడా ఆ దేశాల్లోనే చేశారా అని అడుగుతారు. ఇక్కడ చదివి తర్వాత పౌరసత్వం తెచ్చుకున్నవాళ్ళు చాలామంది ఈ మెట్టు దగ్గరే ఆగిపోతారు.

కాంట్రాక్టులో అందరూ ముందు జీతం చూస్తారు. కొత్త టీచరుకు హాగ్వాన్‌లు సాధారణంగా నెలకు 22 నుంచి 28 లక్షల వాన్ల మధ్య ఇస్తాయి. లక్ష వాన్లంటే సుమారు ఆరు వేల రూపాయలని పట్టుకుని లెక్క వేసుకోండి. మేమైతే ముందు కోతల పేరా తెరవమంటాం. అక్కడ 3.3 శాతం అనే అంకె కనబడిందా, ఆగండి. అది ఉద్యోగి దగ్గర కోసే కోత కాదు, స్వతంత్రంగా పనిచేసే ఫ్రీలాన్సరు దగ్గర కోసేది. తక్కువ కోస్తున్నారు కదా అని సంతోషించేలోపు మిగతావన్నీ పోతాయి: యజమాని తన వంతు పెన్షన్ కట్టడు, ఆరోగ్య బీమా కట్టడు, చివర్లో గ్రాట్యుటీ అడిగితే "నువ్వు ఉద్యోగివే కాదు" అంటాడు. సక్రమంగా నడిచేచోట జీతపు చీటీలో జాతీయ పెన్షన్‌కు ఐదు శాతానికి కాస్త అటూ ఇటూ, ఆరోగ్య బీమాకు మూడున్నర శాతం పైచిలుకు కోత విడివిడిగా కనబడాలి. అంతే మొత్తం యజమాని కూడా కడతాడు. ఆదాయపన్ను వేరు. 24 లక్షల జీతంలో చేతికి 21, 22 లక్షలు వస్తే ఆ చీటీ సరైనదే.

అమెరికా పౌరులకు ఆ పెన్షన్ డబ్బు, యజమాని వంతుతో సహా, దేశం వదిలేటప్పుడు ఒక్కసారిగా తిరిగి ఇస్తారు. అందుకే చిన్న కోతకు ఆశపడి దాన్ని వదులుకోకూడదు. భారత పాస్‌పోర్టు మీద వెళ్ళేవాళ్ళకు 2011 నవంబరు నుంచి అమల్లో ఉన్న సామాజిక భద్రత ఒప్పందం వర్తిస్తుంది. వాళ్ళు వెళ్ళగానే జాతీయ పెన్షన్ కార్యాలయం నంబరు 1355కు ఫోన్ చేసి తమ లెక్క రాయించుకోవాలి.

రెండోది గ్రాట్యుటీ. ఏడాది పూర్తిచేస్తే ఒక నెల జీతం చట్టప్రకారం రావాలి, మానేసిన 14 రోజుల్లో చెల్లించాలి. "జీతంలోనే కలిపి ఇస్తున్నాం" అని కాంట్రాక్టులో రాసినా చెల్లదు. ఇది ఎగ్గొట్టడానికే కొందరు పదకొండో నెలలో ఏదో ఒక వంక పెట్టి తీసేస్తారు. మూడు నెలలు దాటి పనిచేసిన మనిషిని తీసేయాలంటే 30 రోజుల ముందు చెప్పాలి, లేదా ఆ 30 రోజుల జీతం ఇవ్వాలి. ఫిర్యాదుకు కార్మికశాఖ నంబరు 1350. పని మొదలైన రోజు నుంచీ జీతపు చీటీలు, హాజరు, మెసేజీలు దాచుకోమనండి. అక్కడ ఫిర్యాదు నెగ్గేది కాగితం ఉన్నవాళ్ళదే.

మూడోది గంటలు. "వారానికి 30 గంటలు" అంటే పాఠం చెప్పే గంటలా, ఉండాల్సిన గంటలా? పాఠాలే 30 అయితే తయారీ, దిద్దుబాటు, తల్లిదండ్రులకు ఫోన్లు కలిసి 45 దాకా పోతుంది. బడి పిల్లలకు చెప్పే హాగ్వాన్ మధ్యాహ్నం ఒకటీ రెండింటికి మొదలై రాత్రి తొమ్మిదీ పదిదాకా నడుస్తుంది. ఈ శివారు ఊళ్ళున్న గ్యోంగీ రాష్ట్రంలో రాత్రి 10 దాటాక తరగతి నడపకూడదని నిబంధన. చిన్నపిల్లల విభాగం కూడా ఉంటే పొద్దున తొమ్మిదికే రమ్మంటారు. ఈ రెండూ ఒకే టీచరు నెత్తిన వేస్తున్నారేమో ఇప్పుడే అడగాలి.

నాలుగోది ఇల్లు. హాగ్వాన్ ఇచ్చే గది ఫోటోలు, చిరునామా, అందులో ఏ సామాను ఉంటుందో రాతలో తెప్పించుకోండి. డిపాజిట్ పేరుతో మొదటి నెలల జీతంలో పట్టుకుంటే ఎంత, ఎప్పుడు తిరిగిస్తారు అన్నది రాసి ఉండాలి.

ఇ-2 వీసా ఆ యజమానికి కట్టి ఉంటుంది. మధ్యలో ఇంకో చోటికి మారాలంటే పాత యజమాని విడుదల పత్రం ఇవ్వాలి. బయట ప్రైవేటు ట్యూషన్లు చెప్పడం చట్టవిరుద్ధం, పక్కింటి పిల్లవాడికైనా సరే.

*

తమిళనాడులో పుట్టాను, పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంది, పేరు మాత్రం మూడు ముక్కలు. అంతర్జాతీయ పాఠశాలలో ఫిజిక్స్ ఉద్యోగం ఖాయమైంది. కాగితాల దగ్గర ఏమైనా చిక్కొస్తుందా?
— వేళచ్చేరి పాఠకురాలు

వస్తుంది, అదీ సర్టిఫికెట్ల దగ్గరకన్నా పేరు దగ్గరే ఎక్కువ. అయినా ముందు సర్టిఫికెట్ల సంగతి చూద్దాం. డిగ్రీకి, పోలీసు క్లియరెన్స్‌కు అపోస్టిల్, అంటే విదేశాల్లో చెల్లేలా వేసే ధ్రువీకరణ ముద్ర, వేయించాలి. డిగ్రీ ఏ రాష్ట్రంలో తీసుకున్నారో ముందు ఆ రాష్ట్ర ప్రభుత్వం ధ్రువీకరించాలి, ఆ తర్వాతే విదేశాంగశాఖ ముద్ర. తిరుపతిలో చదివి చెన్నైలో ఉన్నవాళ్ళు చెన్నైలో మొదలుపెట్టి నెల పోగొట్టుకోవడం మామూలే. పోలీసు క్లియరెన్స్ పాస్‌పోర్టు సేవా కేంద్రం నుంచి వస్తుంది, ఆరు నెలలు దాటితే పాతదంటారు, అందుకే దాన్ని చివర్లో తీయండి. అక్కడి పాఠశాల ఇమిగ్రేషన్ నుంచి వీసా నంబరు తెప్పించి పంపాక, చెన్నైలోనే ఉన్న కొరియా కాన్సులేట్‌లో దరఖాస్తు.

ఇక పేరు. అక్కడ పేరు అంటే ఇంటిపేరు ఒక అక్షరం, సొంతపేరు రెండు, మొత్తం మూడు అక్షరాలు. వాళ్ళ ఫారాల్లో గళ్ళు దానికి తగ్గట్టే ఉంటాయి. మన పేరు 25 ఇంగ్లీషు అక్షరాలు, మధ్యలో రెండు ఖాళీలు. సెల్‌ఫోన్ దుకాణంలో ఖాళీలు లేకుండా కలిపి కొడతారు, బ్యాంకులో చివరి అక్షరాలు తెగిపోతాయి, ఇంకోచోట వరస తిరగేస్తారు. కొరియాలో ఇంటర్నెట్‌లో ఏ పని చేయాలన్నా, అంటే సరుకులు తెప్పించాలన్నా, ఆసుపత్రి అపాయింట్‌మెంట్ అన్నా, ఫోన్ నంబరుతో "మీరు మీరేనా" అని సరిచూస్తుంది. ఆ సరిచూపులో ఒక్క ఖాళీ తేడా వచ్చినా తిరస్కరిస్తుంది. ఎందుకు కాలేదో చెప్పదు.

మందు ఒక్కటే. పాస్‌పోర్టులో ఎలా ఉందో అలాగే, అక్కడ విదేశీయులకిచ్చే నివాస కార్డులో పడుతుంది. ఆ కార్డులో ఉన్న పేరును పెద్ద అక్షరాల్లో, ఖాళీలు గుర్తుపెట్టి, ఒక కాగితం మీద రాసుకోండి. ఫోన్ దుకాణంలో కార్డుతో పాటు ఆ చీటీ ఇచ్చి, సంతకం పెట్టే ముందు ఫారంలో అక్షరం అక్షరం చూడండి. తర్వాత బ్యాంకులో అదే చీటీ చూపించండి. ఆ తర్వాతే మిగతావి. ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్ళు, వీలుంటే వీసాకు ముందే పాస్‌పోర్టులో పేరును రెండు భాగాలు చేయించుకోవడం మంచిది. కానీ అప్పుడు డిగ్రీ మీది పేరుతో తేడా వస్తుందేమో చూసుకోవాలి.

నివాస కార్డుకు దిగిన 90 రోజుల్లోపు దరఖాస్తు చేయాలి. ఇమిగ్రేషన్ కార్యాలయానికి హైకొరియా వెబ్‌సైటులో ముందే సమయం తీసుకోవాలి, శివారు ఊళ్ళలో ఆ సమయాలు త్వరగా నిండిపోతాయి, కాబట్టి దిగిన మొదటి వారంలోనే తీసుకోండి. సందేహాలకు 1345. కార్డు చేతికి వచ్చేదాకా ప్రీపెయిడ్ సిమ్ముతో నెట్టుకురావాలి. జీతం నెల చివర వస్తుంది కాబట్టి మొదటి నెలకు పది లక్షల వాన్లయినా దగ్గరుంచుకోండి. ఇల్లు మారితే రెండు వారాల్లోపు కొత్త చిరునామా నమోదు చేయించాలి. మరిచిపోతే జరిమానా.

*

ఇల్సాన్, బుందాంగ్ అంటే పల్లెటూళ్ళా? సియోల్‌కు రోజూ వెళ్ళి రావచ్చా?
— చూళైమేడు

పల్లెటూళ్ళు కావు. ఇళ్ళ కరువు తీర్చడానికి 1989లో ప్రభుత్వం ఒకేసారి ఐదు కొత్త పట్టణాలు ప్రకటించింది: గోయాంగ్‌లో ఇల్సాన్, సాంగ్నామ్‌లో బుందాంగ్, అన్యాంగ్‌లో ప్యోంగ్‌చాన్, గున్‌పోలో సాన్‌బాన్, బుచ్చాన్‌లో జుంగ్‌దాంగ్. గీత గీసి కట్టిన ఊళ్ళు ఇవి. ఒకే ఎత్తు అపార్టుమెంట్లు, మధ్యలో బడి, పార్కు, దుకాణాల భవనం. మన ముగప్పేరు ఏరి స్కీములు పెద్దవి చేసి, పైకి పెంచినట్టు ఉంటుంది. ప్రతి భవనానికీ గోడ మీద పెద్ద అంకె రాసి ఉంటుంది, కొత్తవాళ్ళు ఇల్లు పట్టుకునేది ఆ అంకెతోనే, ఎందుకంటే అన్నీ ఒకేలా ఉంటాయి. పిల్లల చదువు కోసం వచ్చి చేరిన కుటుంబాలు ఎక్కువ, అందుకే హాగ్వాన్‌లు కూడా ఎక్కువ. ఒకే మెట్ల మీద అంతస్తుకొకటి కనబడతాయి.

ఇల్సాన్ నుంచి సియోల్ నడిబొడ్డుకు 3వ లైను మెట్రోలో 50 నిమిషాల నుంచి గంట. 2024 డిసెంబరు 28న మొదలైన జీటీఎక్స్-ఎ వేగరైలు కింటెక్స్ స్టేషన్ నుంచి సియోల్ స్టేషన్‌కు పావుగంట పైచిలుకులో చేరుస్తుంది, కాకపోతే టికెట్టు మామూలు మెట్రోకు రెండింతలు. ఎర్ర ఎక్స్‌ప్రెస్ బస్సులు కూడా ఉన్నాయి. అందులో నిలబడి ప్రయాణం చేయనివ్వరు, సీట్లు నిండితే బస్సు ఆగకుండా పోతుంది. ఉదయం వేళ రెండు మూడు బస్సులు అలా వదిలిపెట్టి వెళ్ళడం చూస్తారు. అప్పుడు ఒక స్టాపు వెనక్కి నడిచి ఎక్కాలి.

దిగేటప్పుడు కూడా కార్డు చూపించాలి. అలా చూపిస్తే 30 నిమిషాల్లో ఇంకో బస్సో రైలో ఎక్కినప్పుడు ఛార్జీ కలిసిపోతుంది. మరిచిపోతే మళ్ళీ మొదటినుంచి పడుతుంది. అర్ధరాత్రి దాటితే మెట్రో ఉండదు. రాత్రి పదింటికి పని ముగించే టీచరు సియోల్‌లో ఉండి శివారుకు తిరగడం కన్నా, పనిచేసే ఊళ్ళోనే ఉండటం మేలు.

*

జనవరిలో వెళ్తున్నాం. మాకు పుట్టినప్పటినుంచీ చెన్నై ఎండ తప్ప ఏమీ తెలియదు. చలికి ఇంట్లో ఎలా ఉండాలి?
— నంగనల్లూరు దంపతులు

ఇంట్లో చలి ఉండదు, ఆ సంగతి ముందు తెలుసుకోండి. కొరియా ఇళ్ళలో నేల కింద గొట్టాల్లో వేడినీళ్ళు తిరుగుతాయి, దాన్ని ఒందోల్ అంటారు. గ్యాస్ బాయిలర్ ఆ నీళ్ళను కాస్తుంది. బయట సున్నాకు పది డిగ్రీలు కిందున్నా లోపల చెప్పుల్లేకుండా నడవొచ్చు. చిక్కంతా గోడకున్న చిన్న పెట్టె దగ్గర. అన్నీ కొరియా లిపిలోనే, బొమ్మలు ఉండవు.

ఆ బొత్తాలు ఇవి. సిల్‌నే అంటే గది వేడిమి: మీరు 21 అని పెడితే గది 21కి వచ్చేదాకా బాయిలర్ మండుతుంది. ఆ పెట్టెలోనే కొలిచే పరికరం ఉంటుంది. కాబట్టి పెట్టె గుమ్మం పక్కన, గాలి కొట్టేచోట ఉంటే ఎప్పటికీ 21 రాదు, బాయిలర్ ఆగకుండా తిరుగుతుంది, బిల్లు చూసి గుండె జారుతుంది. అలాంటి ఇంట్లో ఒందోల్ బొత్తం వాడండి. అది గదిని చూడదు, నీళ్ళ వేడిని మాత్రం పట్టి ఉంచుతుంది. 50, 55 మధ్య పెట్టి చూసుకోండి. యేయాక్ అంటే కొన్ని గంటలకొకసారి తనంతట తాను మండేది. ఒన్సు అంటే కుళాయి వేడినీళ్ళు. వేచుల్ అంటే బయటకు వెళ్ళినప్పటిది, గొట్టాలు గడ్డకట్టకుండా చూస్తుంది కానీ ఇల్లు వెచ్చగా ఉంచదు. ఉద్యోగానికి వెళ్ళేటప్పుడు వేచుల్ నొక్కి, రాత్రి వచ్చి మళ్ళీ వెచ్చబెట్టాలంటే నేల రెండు మూడు గంటలు తీసుకుంటుంది, గ్యాస్ కూడా ఎక్కువే కాలుతుంది. రోజూ పోయి వచ్చేవాళ్ళు రెండు మూడు డిగ్రీలు తగ్గించి వెళ్తే చాలు. వేచుల్‌ను నాలుగైదు రోజుల ఊరి ప్రయాణానికి ఉంచుకోండి.

పూర్తిగా ఆపి మాత్రం ఊరికి వెళ్ళకండి. గొట్టాల్లో నీళ్ళు గడ్డకట్టి పగిలితే బాగుచేయించే ఖర్చు మీ మీద పడొచ్చు. కడుచలి రాత్రుళ్ళు వేడినీళ్ళ కుళాయి సన్నటి ధారగా వదిలిపెట్టాలి. బాల్కనీలో ఉన్న వాషింగ్ మెషీన్‌ను ఆ రోజుల్లో వాడొద్దని అపార్టుమెంటు మైకులో చెబుతారు. మీకు అర్థం కాకపోతే నష్టం కింద ఇంటివాళ్ళకు. పై అంతస్తుల నీళ్ళు దిగే గొట్టం కింద గడ్డకట్టి ఉంటుంది, మీరు వదిలిన నీళ్ళు వాళ్ళ బాల్కనీలోకి పొంగుతాయి. పొరుగుతో గొడవలన్నిటికీ అక్కడ మొదలు ఇదీ, పైనుంచి వచ్చే చప్పుడూ. రాత్రి పది దాటాక మిక్సీ, రోలూ వద్దు.

కిటికీ అద్దాల మీద చెమ్మ పట్టి గోడ మూలల్లో నల్లటి బూజు వస్తుంది. ఎంత చలైనా రోజుకు పది నిమిషాలు రెండువైపులా కిటికీలు తెరవండి. బట్టల గురించి ఒక్క మాట: ఇక్కడ కొనే స్వెట్టర్లు అక్కడి గాలికి ఆగవు, ఒళ్ళు పట్టి ఉండే లోపలి బట్టలు రెండు జతలు తీసుకెళ్ళి, పై కోటు అక్కడే కొనుక్కోండి. కరెంటు బిల్లు మన ఈబీలాగే స్లాబుల ప్రకారం ఎక్కుతుంది, అందుకే కరెంటు హీటర్లు పెట్టుకోవద్దు.

*

మేం శాకాహారులం. ప్రభుత్వ బడిలో మధ్యాహ్న భోజనం అక్కడే తినాలంటున్నారు. ఇక్కడి నుంచి ఏం తీసుకెళ్ళాలి?
— టీ నగర్ పాఠకురాలు

బడి భోజనం పట్టికలో ప్రతి వంటకం పక్కనా చిన్న అంకెలుంటాయి, పడనివాళ్ళ కోసం ఉన్న అంకెలవి. అవే మీకు కళ్ళు: 1 గుడ్డు, 7 మాకెరెల్ చేప, 8 పీత, 9 రొయ్య, 10 పందిమాంసం, 15 కోడి, 16 గొడ్డుమాంసం, 17 స్క్విడ్, 18 గుల్లచేపలు. 5 సోయా, 2 పాలు, వాటితో మీకు ఇబ్బంది లేదు. మోసపోయేది ఒక్కచోట: ఎండు నెత్తళ్ళకు ఆ పట్టికలో అంకె లేదు. కొరియాలో చారు, పులుసు చాలావరకు ఆ నెత్తళ్ళ నీళ్ళతోనే కాస్తారు. వాళ్ళ ఊరగాయ కిమ్చీలో కూడా ఉప్పురొయ్యలో, చేపల రసమో పడుతుంది. అంకె లేదని చారు తాగేయకండి. అన్నం, ఆకుకూరల వేపుళ్ళు, టోఫు, పండు ఉంటాయి, ఇంటినుంచి చిన్న డబ్బాలో కూర తీసుకెళ్తే సరిపోతుంది.

హోటల్లో "గోగి పేగో జూసెయో" అంటే మాంసం తీసేసి ఇవ్వండి అని. వాళ్ళ లెక్కలో హామ్, చేపకేకు మాంసం కిందికి రావు. కింబాప్ (సముద్రపు నాచులో చుట్టిన అన్నం) అడిగితే హామ్, ఓముక్ (చేపకేకు), మాత్సాల్ (పీత రుచి చేపముక్క) మూడూ తీయమని పేరు పెట్టి చెప్పాలి. కూరగాయలు కలుపుకుని తినే అన్నం బిబింబాప్ అన్నిటికన్నా తేలిక.

కందిపప్పు, చింతపండు, ఇంగువ, సాంబారు పొడి, ఆవాలు, మిరపకాయలు టీ నగర్ నుంచే తీసుకెళ్ళండి, రెండు నెలలకు సరిపడా చాలు. తర్వాత ఆన్సాన్ వొన్‌గోక్ వీధిలో, ఇటేవాన్ మసీదు చుట్టుపక్కల విదేశీ సరుకుల దుకాణాలున్నాయి. పచ్చి కరివేపాకు, మామిడికాయలు, మాంసపు పదార్థాలు పెట్టెలో పెట్టకండి, క్వారంటైన్‌లో తీసేసుకుంటారు. విత్తనాలేవున్నా దిగగానే చూపించండి. గసగసాలు అసలు వద్దు. అవి నల్లమందు మొక్క గింజలు, పైగా ఇ-2 టీచర్లకు చేరగానే మాదకద్రవ్యాల పరీక్ష చేస్తారు. గసాలు వేసిన కుర్మా తిన్నా మూత్రపరీక్షలో జాడ కనబడొచ్చు. పరీక్షకు ముందు వారం రోజులు వాటినీ, కొడీన్ ఉన్న దగ్గు మందులనూ మానేయండి.

అక్కడ కరెంటు 220 వోల్టులే, కానీ 60 హెర్ట్జ్. మిక్సీ బాగా తిరుగుతుంది, గుండ్రటి రెండు పుల్లల ప్లగ్గు మార్చుకుంటే చాలు. టేబుల్‌టాప్ వెట్ గ్రైండర్ మోటారు వేరే రకం, ఇక్కడికన్నా వేగంగా తిరిగి వేడెక్కుతుంది, దాన్ని ఇంటి దగ్గరే ఉంచండి. అక్కడి బియ్యం పొట్టివి, జిగురువి. అరగంట నానబెట్టి గ్లాసుకు గ్లాసు, ఇంకో రెండు చెంచాల నీళ్ళు చాలు. మన లెక్కన రెండున్నర పోస్తే జావే. పెరుగు దుకాణంలో తియ్యగా ఉంటుంది, ముగాదాంగ్ అని రాసి ఉన్నది పంచదార వేయనిది. దానితో తోడు వేసి, గిన్నెను దుప్పటి చుట్టి ఒందోల్ నేల మీద పెడితే చలికాలంలో కూడా రాత్రికి రాత్రి గడ్డపెరుగు. దోసెల పిండి కూడా అక్కడే పులుస్తుంది.

*

చెత్త వేసినందుకు జరిమానా కట్టించారని మా తమ్ముడు చెప్పాడు. నిజమా?
— సైదాపేట

నిజమే. మామూలు చెత్తను ఆ ఊరి పేరు ముద్రించిన సంచిలోనే వేయాలి, కిరాణా దుకాణంలో డబ్బిచ్చి కొనాలి. గోయాంగ్ సంచి బుచ్చాన్‌లో చెల్లదు. ఆహారపు చెత్త వేరు. కొన్ని అపార్టుమెంట్లలో కార్డు చూపిస్తే మూత తెరుచుకుని, తూకం వేసి బిల్లులో కలిపే డబ్బాలున్నాయి. ఆహారపు చెత్త అంటే పశువులు తినదగ్గది అని గుర్తుంచుకోండి. ఎముకలు, గుడ్డు పెంకులు, ఉల్లి వెల్లుల్లి పొట్టు, టీపొడి, మామిడి టెంక, ములక్కాడ పిప్పి మామూలు సంచిలోకే. ఉప్పు, కారం ఎక్కువున్న ముద్దలు కూడా అంతే, కాబట్టి పాడైన ఆవకాయ అందులోకి పోదు. నీళ్ళ సీసాలకు కాగితం పీకేసి, నలిపి, మూత బిగించి, రంగులేనివి విడిగా వేయాలి. ఏ రోజు ఏది వేయాలో భవనం గుమ్మం దగ్గర కాగితం అంటించి ఉంటుంది. ఫోటో తీసి దగ్గర పెట్టుకోమనండి.

*

జ్వరమొస్తే ఎక్కడికి వెళ్ళాలి? భాష రాదు.
— క్రోంపేట

ప్రతి దుకాణాల భవనంలో మూడో నాలుగో అంతస్తులో క్లినిక్కులుంటాయి. ముందు సమయం తీసుకోనక్కర్లేదు. నివాస కార్డు తప్పనిసరిగా పట్టుకెళ్ళాలి, 2024 మే నుంచి గుర్తింపు చూడనిదే బీమా వర్తించదు. బీమా ఉంటే క్లినిక్కులో మీ వంతు సుమారు 30 శాతం. జలుబు జ్వరాలకు చూపించుకోవడానికి ఐదారు వేల వాన్లు, కింద మందుల దుకాణంలో అంతే. చిన్న జ్వరానికి పెద్దాసుపత్రికి వెళ్తే మీ వంతు బాగా పెరుగుతుంది. అంబులెన్స్ 119, పోలీసు 112. పర్యాటకుల సహాయ నంబరు 1330కు ఫోన్ చేస్తే ఇంగ్లీషులో మధ్యవర్తిగా మాట్లాడతారు.

*

వెళ్ళడానికి మూడు నెలలుంది. భాష ఎంతవరకు నేర్చుకోవాలి? శివారు ఊళ్ళో ఒంటరిగా ఉంటానని భయంగా ఉంది.
— కొడంబాక్కం యువతి

లిపి నేర్చుకోండమ్మా, మాటలు ఆ తర్వాత. కొరియా లిపి హంగుల్‌లో 14 హల్లులు, 10 అచ్చులు. గుణింతం వచ్చిన తెలుగువాళ్ళకు ఇది వారం పని. హల్లు పక్కనో కిందో అచ్చు చేరుతుంది, దాని అడుగున ఇంకో హల్లు మన ఒత్తులాగే కూర్చుంటుంది. తేడా ఒక్కటే: మన ఒత్తు అచ్చుకు ముందు పలుకుతుంది, వాళ్ళది అచ్చు తర్వాత. "కింబాప్" రెండు గళ్ళు: కి కింద మ్, బా కింద ప్. ఇది చదవగలిగితే బాయిలర్ బొత్తాలు, బస్సు బోర్డులు, హోటలు పట్టికలు అన్నీ మీ చేతిలోకి వస్తాయి. చెన్నైలో ఇన్‌కో సెంటర్ కొరియా భాషా తరగతులు నడుపుతుంది, ఈ మూడు నెలలు అక్కడ చేరండి. అక్కడ పిల్లలు అమ్మను "ఒమ్మా" అని, నాన్నను "అప్పా" అని పిలవడం వింటే మద్రాసు మనిషికి కొత్తగా అనిపించదు. మిమ్మల్ని "సాన్‌సెంగ్‌నిమ్" అంటారు, టీచరుగారూ అన్నట్టే.

ఒంటరితనం గురించి దాచకుండా చెబుతాం. హాగ్వాన్‌లో పనిచేసే టీచరు రాత్రి పదింటికి బయటపడుతుంది, అప్పటికి ఊరు ఇంట్లోకి వెళ్ళిపోయి ఉంటుంది. పగలు ఆమెకు తీరిక, మిగతావాళ్ళకు పని. తోటి టీచర్లు ఏడాదికొకసారి మారిపోతారు. కాబట్టి పగటి పూట దొరికే మనుషులను వెతుక్కోవాలి. ఆయా నగరాల్లో ప్రభుత్వం నడిపే కుటుంబ కేంద్రాల్లో పొద్దున పూట విదేశీయులకు కొరియా భాష ఉచితంగా చెబుతారు, పెళ్ళై వచ్చిన వియత్నాం, ఫిలిప్పీన్స్ ఆడవాళ్ళు అక్కడికి వస్తారు. ఏళ్ళ తరబడి అక్కడే ఉన్నవాళ్ళు కాబట్టి ఏ డాక్టరు ఇంగ్లీషు మాట్లాడతాడో, ఏ దుకాణంలో పచ్చిమిరపకాయ కారంగా ఉంటుందో వాళ్ళకు తెలుసు. న్యాయశాఖ నడిపే సామాజిక సమన్వయ కార్యక్రమంలో చేరితే నేర్చుకున్న మెట్లు తర్వాత వీసా మార్పుల్లో లెక్కకు వస్తాయి. రెంటికీ నమోదు చేసుకోవడానికి నివాస కార్డు అడుగుతారు, కార్డు చేతికి వచ్చిన రోజే వెళ్ళి పేరు రాయించండి. కొత్త తరగతులు సాధారణంగా మార్చిలో ఒకసారి, వేసవి తర్వాత ఒకసారి మొదలవుతాయి.